పట్టికలో లేని పేర్లు (భాగం 17)



పోయిన నెల మా అక్క కూతురు ఫోన్ చేసింది. "మామా, నా స్కాలర్‌షిప్ ఆగిపోయింది. టెన్త్ మెమోలో పేరు ఒక తీరుగా, కులం సర్టిఫికెట్‌లో ఒక తీరుగా ఉందంట. మ్యాచ్ కాలేదని చూపిస్తోంది" అంది. రెండు కాగితాలూ ఫోటో తీసి పంపమన్నాను. తేడా ఒక్క అక్షరం. ఇంగ్లీషులో రాసిన పేరులో ఒకచోట 'హెచ్' ఉంది, ఇంకోచోట లేదు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే పేరు.

ఆ రెండిట్లో ఏదీ ఆ పిల్ల రాసుకున్నది కాదు. తెలుగు పేరును ఇంగ్లీషులోకి ఎవరు మార్చారో, ఏ లెక్కన మార్చారో ఆమెకు తెలియదు. కానీ అఫిడవిట్ పెట్టాల్సింది ఆమె. నోటరీ చుట్టూ, ఆఫీసు చుట్టూ తిరిగి రెండు రోజుల కూలి పోగొట్టుకున్నది మా అక్క. ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే కదా.

"అంతా కంప్యూటర్ తప్పు మామా" అంది బిడ్డ. ఇరవై ఏళ్లకు పైగా ఆ కంప్యూటర్ల మీదే బతికినవాణ్ణి నేను. అది తనంతట తాను ఎవరి పేరూ మార్చదు. ఏ అక్షరం బదులు ఏ అక్షరం వేయాలో చెప్పే పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. ఆ పట్టికను ఎప్పుడో, ఎక్కడో, ఎవరో మనుషులు తమ అవసరానికి తయారు చేసుకుని ఉంటారు. ఈ భాగంలో అలాంటి ఒక పెద్ద పట్టిక కథ చెప్తాను. మెయిన్‌ఫ్రేముకూ మన బల్ల మీది కంప్యూటరుకూ మధ్య నలభై ఏళ్లకు పైగా నడుస్తున్న అక్షరాల పేచీ ఇది. కొంచెం లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

బల్ల మీద @ల వాన

1999. హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కోబాల్ నేర్పించే రోజులు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ 2000 రాగానే తలకిందులవుతాయని అమెరికాకు భయం పట్టుకుంది. ఆ భయం మన పిల్లలకు ఉద్యోగాలు తెచ్చింది. మా వాడలో కంప్యూటర్ ముట్టుకున్న మొదటివాణ్ణి నేనే. ఫీజు అప్పు తెచ్చి కట్టాను. ఒక చిన్న కంపెనీలో మెయిన్‌ఫ్రేము పనికి కుదిరాను.

మొదటి వారంలోనే ఒక పేర్ల ఫైలును మెయిన్‌ఫ్రేము నుంచి నా డెస్క్‌టాప్ మీదికి దించమన్నారు. దించి తెరిచాను. పేర్లు లేవు. యూరప్ వాళ్ల కొమ్ముల అక్షరాలేవో వరసగా ఉన్నాయి. వాటి వెనక @@@@@@@@ అంటూ పేజీ నిండా @లే.

ఫైలు పాడైందనుకున్నాను. పాడవలేదు, ఒక్క బిట్ కూడా చెదరలేదు. మెయిన్‌ఫ్రేము లెక్కలో 64 అంటే ఖాళీ జాగా. డెస్క్‌టాప్ లెక్కలో 64 అంటే @ గుర్తు. పేరుకు 30 గళ్లు కేటాయించి, పేరులో 8 అక్షరాలే ఉంటే మిగతా 22 గళ్లలో మెయిన్‌ఫ్రేము ఖాళీ నింపుతుంది. డెస్క్‌టాప్ ఆ 22 ఖాళీలనూ 22 @లుగా చదివింది. రెండూ నిజమే చెప్తున్నాయి, ఎవరి పట్టిక ప్రకారం వాళ్లు.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుషుల మధ్య ఒప్పందం. డెస్క్‌టాప్ ఒప్పందం పేరు ఆస్కీ. అందులో ఇంగ్లీషు పెద్ద 'ఏ' 65, 'జడ్' 90, మధ్యలో అన్నీ వరసగా ఉంటాయి. మెయిన్‌ఫ్రేము ఒప్పందం పేరు ఎబ్సిడిక్. అందులో 'ఏ' 193. 'ఐ' 201 దాకా వరస బాగానే ఉంటుంది. తర్వాత రావాల్సిన 'జె' మాత్రం 202 కాదు, 209. 'ఆర్' 217 అయితే 'ఎస్' 226. మధ్యలో గుంటలు.

ఆ గుంటలు ఎందుకున్నాయని మా సీనియర్‌ను అడిగాను. "అది అంతే, బట్టీ పట్టు" అన్నాడు. మనకు కొత్త మాటేం కాదు కదా ఇది! ఊళ్లో దేని గురించి అడిగినా ఇదే జవాబు విన్నాం. 'అది అంతే' అన్న ప్రతిదాని వెనకా ఒక చరిత్ర ఉంటుంది. తవ్వితే ఇది 1890 దాకా పోయింది.

మొదటి చిల్లులు

1890లో అమెరికా జనాభా లెక్కలు. ఆరు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు జనం. చేత్తో లెక్కపెడితే ఏళ్లు పడుతుంది. హెర్మన్ హోలెరిత్ అనే ఇంజినీరు అట్ట కార్డుల మీద చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్ని కరెంటుతో లెక్కపెట్టే యంత్రం చేశాడు. మనిషికో కార్డు. వయసుకో చిల్లు, ఆడా మగా అన్నదానికో చిల్లు. రంగుకు కూడా ఒక చిల్లు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, చైనావాళ్లు, జపాన్‌వాళ్లు, ఇండియన్లు అని ఊరుకోలేదు. నల్ల రక్తం సగమా, పావా, అరపావా అని కూడా ఆ ఏడాది లెక్కల్లో విడివిడిగా రాశారు. అంటే యంత్రం మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టిన మొదటి రోజునే ఎవరు ఏ గడిలో ఉండాలో ముందే తేలిపోయింది. ఆ గడి ఎవరూ తమకు తాము ఎంచుకున్నది కాదు.

హోలెరిత్ కంపెనీ తర్వాత మరికొన్నింటితో కలిసి ఐబీఎం అయింది. 1928లో ఐబీఎం 80 నిలువు వరసల కార్డు తెచ్చింది. ఒక్కో నిలువు వరసలో ఒక్కో గుర్తు. అంకెకైతే ఒక చిల్లు చాలు. అక్షరానికి రెండు కావాలి. పైన జోన్ చిల్లు ఒకటి, కింద 1 నుంచి 9 లోపు అంకె చిల్లు ఒకటి. జోన్లు మూడు. మొదటి జోన్‌తో తొమ్మిది అక్షరాలు, 'ఏ' నుంచి 'ఐ' దాకా. రెండోదానితో తొమ్మిది, 'జె' నుంచి 'ఆర్' దాకా. మూడోదాంట్లో 1 వదిలేసి 2 నుంచి 9 దాకా ఎనిమిది, 'ఎస్' నుంచి 'జడ్' వరకు. తొమ్మిదీ తొమ్మిదీ ఎనిమిదీ ఇరవై ఆరు. ఎబ్సిడిక్‌లో గుంటలు సరిగ్గా అక్కడే ఉన్నాయి చూడండి, 'ఐ' తర్వాత, 'ఆర్' తర్వాత. అట్ట కార్డు పోయింది, చిల్లు పోయింది, దాని నీడ మాత్రం యంత్రం లోపల అట్లాగే కూర్చుంది.

ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు

1950లలో ఒక్కో కంపెనీ కంప్యూటరుకు ఒక్కో పట్టిక. ఒకరి టేపు ఇంకొకరు చదవలేరు. అందరికీ ఒకటే పట్టిక ఉండాలని పట్టుబట్టినవాళ్లలో ముఖ్యుడు బాబ్ బీమర్. చిత్రం ఏమిటంటే అప్పుడు ఆయన ఐబీఎం ఉద్యోగే. 1961లో అమెరికా ప్రమాణాల సంస్థ ముందు ప్రతిపాదన పెట్టాడు. 1963లో ఆస్కీ వచ్చింది. 7 బిట్లు, 128 గళ్లు. ఆ మొదటి కూర్పులో ఇంగ్లీషు చిన్న అక్షరాలకు కూడా చోటివ్వలేదు, 1967లో చేర్చారు.

మరుసటి ఏడాది, 1964 ఏప్రిల్ 7న, ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించింది. ఇవాళ్టి ఐబీఎం మెయిన్‌ఫ్రేములన్నిటికీ తాత అదే. దాంట్లో ఆస్కీ వైపు తిప్పుకోవడానికి ఒక బిట్ కూడా పెట్టారు. కానీ దానికి తగిలించే కార్డు యంత్రాలు, ప్రింటర్లు అప్పటికి ఆస్కీకి సిద్ధం కాలేదు. కస్టమర్ల దగ్గర పాత కార్డులు గుట్టలుగా ఉన్నాయి. అందుకని కార్డు చిల్లుల నుంచి పుట్టిన ఎబ్సిడిక్‌తోనే బండి కదిలింది. 8 బిట్లు, 256 గళ్లు. తర్వాత వచ్చిన సిస్టమ్/370లో ఆ ఆస్కీ బిట్టునే తీసేశారు. అది చాలా పెద్ద పొరపాటని బీమర్ తర్వాత రోజుల్లో రాశాడు.

1968 మార్చి 11న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. 1969 జూలై 1 నుంచి ప్రభుత్వం తెచ్చుకునే ప్రతి కంప్యూటరుకూ ఆస్కీ వాడే సామర్థ్యం ఉండాలన్నాడు. 'సామర్థ్యం ఉండాలి' అన్నాడు, 'అదే వాడాలి' అనలేదు. జీవోల భాష తెలిసిన మనకు ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఎబ్సిడిక్ ఎక్కడికీ పోలేదు.

1981 ఆగస్టులో అదే ఐబీఎం బల్ల మీద పెట్టుకునే పీసీ తెచ్చింది. అది ఆస్కీ. అంటే ఒకే కంపెనీ చేసిన పెద్ద యంత్రానికీ చిన్న యంత్రానికీ అక్షరం దగ్గర పొత్తు కుదరలేదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా బ్యాంకు, బీమా, విమానం టికెట్టు, పెన్షన్ ఏదైనా సరే, మెయిన్‌ఫ్రేము నుంచి డెస్క్‌టాప్‌కు రావాలంటే మధ్యలో ఒక మార్పిడి పట్టిక దాటాల్సిందే.

తప్పు 'డేటా'దట

మళ్లీ నా కథకు వస్తాను. @ల సంగతి అర్థమయ్యాక ధైర్యం వచ్చింది. ఫైలు దించేటప్పుడు రెండు పద్ధతులుంటాయి. బైనరీ అంటే ఉన్నది ఉన్నట్టు దించుతుంది. టెక్స్ట్ అంటే పట్టిక చూసి అక్షరం అక్షరం మార్చి దించుతుంది. మాకిచ్చిన కాగితంలో టెక్స్ట్ అని ఉంది. ఒక పెన్షన్ ఫైలు అలాగే దించాను. చిన్న సవరణలు చేసి సేవ్ చేశాను, మళ్లీ పైకి పంపాను. పేర్లు చక్కగా ఉన్నాయి. పరీక్షించినవి అన్నీ సరిపోయాయి.

రాత్రి ప్రోగ్రాం కూలిపోయింది. తెర మీద 'ఎస్ జీరో సీ సెవెన్'. మెయిన్‌ఫ్రేము పని చేసిన ప్రతివాడికీ కలలో కూడా వచ్చే నంబరు అది. దాని అసలు పేరు డేటా ఎక్సెప్షన్. అంటే డేటాలో తేడా ఉందని.

ఏమైందో చెప్తాను. మెయిన్‌ఫ్రేములో డబ్బు మొత్తాన్ని అక్షరాలుగా రాయరు. జాగా ఆదా కోసం ఒక్కో బైటులో రెండేసి అంకెలు కుక్కుతారు. ప్యాక్డ్ డెసిమల్ అంటారు. 1250 అనే మొత్తం మూడు బైట్లలో పడుతుంది. మొదటిది 01, రెండోది 25, మూడోదాంట్లో 0తో పాటు కూడికా తీసివేతా అన్న గుర్తు. ఇవి అక్షరాలు కావు, డబ్బు. కానీ మార్పిడి పట్టికకు ఆ తెలివి ఎక్కడిది? అది ప్రతి బైటునూ అక్షరమే అనుకుంటుంది. ఎబ్సిడిక్ పట్టికలో ఆ 25 ఉన్న గడికి అర్థం 'లైన్ ఫీడ్', అంటే తర్వాతి లైనుకు దిగమని. కాబట్టి దాన్ని తీసేసి ఆస్కీ కొత్త లైను గుర్తు పెట్టింది. డెస్క్‌టాప్ ఆ మనిషి రికార్డును అక్కడే రెండు ముక్కలు చేసింది. తిరిగి పైకి వెళ్లేసరికి సగం ఒక రికార్డు, సగం ఇంకో రికార్డు. రెండో ముక్కలో డబ్బు ఉండాల్సిన చోట ఖాళీ జాగా. ఖాళీ జాగాను అంకె అని ఎవడు కూడతాడు? ప్రోగ్రాం చచ్చింది.

అందరి రికార్డులూ విరగలేదు. మొత్తంలో సరిగ్గా ఆ చోట 25 పడ్డవాళ్లవే విరిగాయి. 1250 వచ్చేవాడిది విరిగింది, 1240 వచ్చేవాడిది విరగలేదు. అందుకే పరీక్షలో దొరకలేదు. నూటికి తొంభై తొమ్మిది మందికి బాగుంటే వ్యవస్థ బాగుందనే అంటారు. విరిగిన ఆ ఒక్కడు వచ్చి చెప్తే, నీ డేటాలోనే ఏదో ఉందంటారు.

నన్నూ అలాగే అన్నారు. "బేసిక్స్ లేకుండా ఎట్లా వస్తారో వీళ్లంతా" అన్నాడు పైవాడు, పదిమందిలో. 'వీళ్లంతా' అంటే ఎవరో అడగలేదు నేను. అడగాల్సింది. రెండు రాత్రులు ఆ ఫైలును బైటు బైటుగా చదివి, కాగితం మీద 25 చుట్టూ సున్నా చుట్టి చూపించాను. ఆ తర్వాత మాకిచ్చిన కాగితంలో 'టెక్స్ట్' కొట్టేసి 'బైనరీ' అని రాశారు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నా తప్పు లేదని అనను. కాగితంలో ఉన్నదాన్ని ప్రశ్నించకుండా చేయడం నా తప్పే. ఆ రోజు నుంచి మానేశాను.

యంత్రం రాసిన మాట మాత్రం మరిచిపోలేదు. డేటా తప్పు అంది. పట్టిక తప్పు అనలేదు. పట్టిక పేరు ఏ ఎర్రర్ మెసేజ్‌లోనూ రాదు.

చప్పుడు చేయని తప్పులు

కూలిపోయే తప్పు మంచిది, కనీసం కనపడుతుంది. చప్పుడు చేయని తప్పులే ప్రమాదం. ఎబ్సిడిక్ అంటే ఒకటే పట్టిక అనుకోకండి. దేశానికో రకం ఉంది, వాటిని కోడ్ పేజీలంటారు. అమెరికా కోడ్ పేజీ 37లో డాలరు గుర్తు ఉన్న గడిలోనే బ్రిటన్ కోడ్ పేజీ 285లో పౌండు గుర్తు ఉంటుంది. ఒక్క బిట్టు మారకుండా డాలరు పౌండవుతుంది. ఎర్రర్ రాదు.

వరస కూడా అంతే. ఆస్కీలో ముందు అంకెలు, తర్వాత పెద్ద అక్షరాలు, ఆపైన చిన్నవి. ఎబ్సిడిక్‌లో ముందు చిన్నవి, తర్వాత పెద్దవి, చివరికి అంకెలు. అక్కడ వరసలో పేర్చిన జాబితా ఇక్కడ వరస తప్పినట్టే. వరసలో ఉందనుకుని వెతికే ప్రోగ్రాముకు, ఉన్న మనిషే 'లేడు' అవుతాడు.

అసలు పట్టికలోనే లేని అక్షరం వస్తే? దాని బదులు ఒక 'బదిలీ గుర్తు' వేస్తారు, లేదా ప్రశ్నార్థకం, లేదా దగ్గరగా కనిపించే ఇంకో అక్షరం. ఒకసారి ప్రశ్నార్థకం పడ్డాక అసలు అక్షరం ఏదో వెనక్కి తెలుసుకునే దారి లేదు. పోయింది పోయినట్టే.

దీని మీద ఒక మనిషి గొడవ కోర్టు దాకా వెళ్లింది. బెల్జియం. అతని పేరులో అక్షరం మీద ఉండే గుర్తును ఒక బ్యాంకు రాయలేకపోయింది. తమది 1995 నాటి సిస్టమ్ అనీ, ఎబ్సిడిక్ వాడుతుందనీ, అందులో ఆ గుర్తుకు చోటు లేదనీ, మార్చాలంటే నెలల పని, బోలెడు ఖర్చు అనీ బ్యాంకు వాదించింది. యూరప్ డేటా రక్షణ చట్టం 16వ అధికరణం, తన గురించిన తప్పు సమాచారాన్ని సరిచేయించుకునే హక్కు మనిషికి ఇస్తుంది. 2019 అక్టోబరు 9న బ్రస్సెల్స్ అప్పీలు కోర్టు ఆ మనిషి పక్షానే తీర్పిచ్చింది. పేరు సరిగ్గా రాయించుకోవడం హక్కు, యంత్రం పాతదన్న సాకు చెల్లదు.

ఆ తీర్పు గురించి చదివిన రోజు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన పేరు చివర 'అయ్య' ఉంటుంది. పాత పట్వారీ కాగితాల్లో 'గాడు' అని ఉంటుంది. ఏ యంత్రమూ లేని రోజుల్లోనే మన పేర్లకు మార్పిడి పట్టిక ఉంది. 'అయ్య'ను 'గాడు' చేసే గడి ఏ వాడ పేరుకు వర్తిస్తుందో రాసేవాడికి బట్టీ వచ్చు. సరిచేయమని అడిగే హక్కు ఉందని మాత్రం మా నాయనకు ఎవరూ చెప్పలేదు.

మన అక్షరం ఎన్ని గళ్లు?

మరి తెలుగు? 1991లో మన దేశపు ప్రమాణం ఇస్కీ వచ్చింది. కింద 128 గళ్లు ఆస్కీకే వదిలేసి, పై 128 గళ్లలో భారతీయ లిపులు పెట్టారు. అంటే మన అక్షరాలన్నీ మేడ మీద అద్దెకున్నట్టు. ఆస్కీ నుంచి ఎబ్సిడిక్‌కు మార్చే పట్టికల్లో ఆ పై గళ్లను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా నింపుకున్నారు. వెళ్లేటప్పుడు ఒక పట్టిక, వచ్చేటప్పుడు ఇంకో పట్టిక వాడితే తెలుగు మాట తిరిగొచ్చేసరికి గుర్తుపట్టలేం. అదే 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగుకు సొంత గళ్లు దక్కాయి. ఇవాళ నేను రాస్తున్నదీ, మీరు చదువుతున్నదీ దాని పుణ్యమే.

అక్షరానికి చోటు దొరికింది సరే, ఫారాల్లో గళ్లు పెరగలేదు. ఇవాళ ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. బాబాసాహెబ్ ఇంటిపేరు ఇంగ్లీషులో 8 బైట్లు. తెలుగులో 'అంబేడ్కర్' అంటే అక్షరాలూ గుణింతాలూ పొల్లులూ కలిపి 9 గుర్తులు, 27 బైట్లు. పేరుకు 20 బైట్లే ఇచ్చిన పాత ఫైల్లో పెడితే 'అంబేడ్' దగ్గర తెగుతుంది, వెనక విరిగిన ముక్క ఒకటి మిగులుతుంది. ఆ 20 అన్న అంకె ఎవరి పేర్లు చూసి పెట్టారో ఆలోచించండి.

అయితే పట్టిక శిలాశాసనం కాదు. అడిగేవాళ్లుంటే మారుతుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అంతకుముందు ఆ లిపిలో రాసుకున్న పేరుకు ప్రపంచంలో ఏ కంప్యూటరులోనూ ఒప్పందం చేసుకున్న అంకె లేదు. లిపి ఉంది, రాసే చేతులున్నాయి, చదివే కళ్లున్నాయి, గడి ఒక్కటే లేదు. రాతప్రతులు దాచుకున్న ఊరివాళ్లూ, లిపిని పట్టించుకున్న పండితులూ ఉండబట్టి వచ్చింది.

మళ్లీ మా అక్క కూతురి దగ్గరికి. అఫిడవిట్ పెట్టేశాం, చదువు ఆగకూడదు కదా. దాంతోపాటు ఒక అర్జీ కూడా రాయించాను, తన చేతే. 'నా పేరును తెలుగు నుంచి ఇంగ్లీషులోకి ఏ నియమం ప్రకారం మార్చారు? రెండు చోట్లా రెండు నియమాలు ఎందుకున్నాయి? తప్పు పట్టికది అయితే సరిచేసే ఖర్చు నాది ఎందుకు?' మూడు ప్రశ్నలు, అంతే. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోనూ సవరణ కోరే హక్కు రాసి ఉందని చెప్పాను. ఆ పిల్ల అర్జీ కింద తన పేరు ముందు తెలుగులో రాసి, దాని పక్కన ఇంగ్లీషులో రాసింది. "ఇంగ్లీషులో ఏది రాయను మామా, హెచ్ ఉన్నదా, లేనిదా?" అని అడిగింది.

"నీ పేరు నువ్వు ఎట్లా రాస్తే అదే బిడ్డా" అన్నాను.

జవాబు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే పెడతాను. మీ ఇళ్లలో కూడా ఇట్లాంటి కాగితాలు ఉంటాయి. బడి రిజిస్టర్, రేషన్ కార్డు, పట్టా పుస్తకం పక్కపక్కన పెట్టి పేర్లు చూడండి. ఎక్కడ మారిందో, ఎవరి చేతిలో మారిందో కింద రాయండి.

జై భీమ్.